కొయ్య దగ్గర రెండో చప్పుడు

మా బాబాయిని రేవులో అందరూ కొక్కెం అంటారు. ముఖం మీదే అంటారు. ఆయన కుడిచేతి చూపుడువేలు పై కణుపు దగ్గర వంగిపోయి, ఎవరినో రహస్యంగా రమ్మని పిలుస్తున్నట్టు ఉంటుంది. ఆ వేలు చూపించి ఎవరినైనా తిడితే తిట్టు వెళ్లి పక్కవాడికి తగులుతుందని రేవులో ఒక వేళాకోళం. ఆయనకు కోపం రాదు. వేలికి ఖాళీ టీ కప్పు తగిలించుకుని తిరిగేవాడు, పెట్టడానికి చోటు వెతుక్కోనక్కర్లేదని.

ఆ వేలిని వంచింది ఒక ఇనప కొక్కెం. బాబాయి కథ మొత్తం ఆ కొక్కేనికి తగిలించి చెప్పొచ్చు. అందుకని అక్కడే మొదలుపెడతాను.

బాబాయీ పిన్నీ రేవు వెనక రేకుల షెడ్డులో తెరచాపలు కుట్టేవాళ్లు. వారానికి కొన్ని రోజులు తమ పడవలో ఎదురుగా ఉన్న దీవికి సరుకులు చేరవేసేవాళ్లు. ఉల్లిపాయలు, మందులు, గ్యాసు సిలిండర్లు, ఒకసారి ఒక పియానో. పడవకు ఇంజను ఉంది. ఉందని చెప్పుకోవడానికి ఉంది. రేవు దాటేదాకా దగ్గుతుంది, ఆ తర్వాత గాలి తప్ప వేరే దిక్కు లేదు.

పడవకు ఒకటే కొయ్య. దానికి పెద్ద తెరచాప. గాలి ముదిరితే ఆ చాపను కొంత కిందికి దించి, దిగిన భాగాన్ని చాప అడుగున ఉండే అడ్డకొయ్యకు బిగించి, కురచ చేయాలి. వాగు దాటేటప్పుడు బట్టలు పైకి ఎగ్గట్టుకోవడం లాంటిదే. కాకపోతే ఇక్కడ ఆలస్యం చేస్తే తడిసేది బట్టలు మాత్రమే కాదు. ఈ పని రెండు రకాలుగా చేస్తారు. ఒకటి, మనిషి లేచి, ఊగుతున్న పడవ మీద ముందుకు నడిచి, కొయ్య దగ్గర నిలబడి చేతులతో చేయడం. రెండోది, తాళ్లన్నిటినీ గిలకల మీదుగా వెనక్కి తెచ్చుకుని, చుక్కాని దగ్గరున్న గుంటలో కూర్చునే లాగడం.

రేవులో ఈ రెండు పద్ధతుల గురించి మాట్లాడుకున్నంతగా పెళ్లి సంబంధాల గురించి కూడా మాట్లాడుకోరు. బాబాయి కొయ్య పక్షం. కూర్చుని లాగేవాడికి తాడు ఎక్కడ ఇరుక్కుందో తెలీదనీ, దగ్గరికెళ్లి నిలబడ్డవాడికి కళ్ల ముందే ఉంటుందనీ ఆయన వాదన. పిన్నిది గుంట పక్షం. దగ్గరికెళ్లి నిలబడ్డవాడు సముద్రంలో పడతాడు, కూర్చున్నవాడు పడడు, అంతే ఆవిడ వాదన. భోజనాల దగ్గర ఇద్దరూ ఇదే గొడవ. నేను వాళ్లింట్లోనే పెరిగాను కాబట్టి ఈ వాదన పప్పులో ఉప్పులా నా ఒంట్లోకి ఎక్కిపోయింది. గొడవ చప్పబడిందనిపిస్తే పిన్ని వైపో బాబాయి వైపో ఒక మాట విసిరి మళ్లీ రాజేసేవాణ్ణి.

నీళ్ల మీద మాత్రం గొడవ ఉండేది కాదు. పెళ్లయిన కొత్తలోనే పని పంచుకున్నారు. చుక్కాని పిన్నిది, కొయ్య బాబాయిది. ఇంకొకరి చోటుకు ఇంకొకరు వెళ్లేవాళ్లు కాదు. వంటింట్లో పొయ్యి దగ్గర కూడా అంత ఖచ్చితమైన సరిహద్దు నేను చూడలేదు.

గాలి లేచిందంటే బాబాయి ఛాతీ పట్టీకి పడవకు కట్టిన తాడు తగిలించుకుని ముందుకు వెళ్లేవాడు. ఎడమచెయ్యి కొయ్య చుట్టూ వేసి, కుడిచేత్తో చాపను కిందికి లాగేవాడు. చాప ముందంచుకు కుట్టిన ఒక ఇత్తడి కడియం చేతికందగానే దాన్ని అడ్డకొయ్య మొదట్లో ఉన్న కొక్కేనికి తగిలించేవాడు. తగిలించిన మరుక్షణం ఆ కడియాన్నే పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చేసేవాడు. కడియం కొక్కేనికి, ఆయన కడియానికి. అప్పుడు ఎడమచెయ్యి ఖాళీ అవుతుంది. దాంతో కొయ్య మీద రెండుసార్లు చరిచేవాడు. మొదటిది తగిలించానని, రెండోది నువ్విక తిప్పుకోవచ్చని. గాలిలో మాట వినపడదు గానీ కొయ్య మీద చరిస్తే ఆ చప్పుడు పడవ అడుగు దాకా వెళ్తుంది, పిన్నికి పాదాల్లో తెలుస్తుంది. రెండో చప్పుడు తెలిశాకే ఆవిడ చుక్కాని తిప్పేది. కుర్రతనంలో ఒక రోజున కడియం వేలి మీదుగా కొక్కెంలో పడి ఆ వేలు అలా అయింది. అప్పుడు కూడా రెండు చప్పుళ్లూ చేశాకే అరిచాడట.

ఇంకో సంగతి. ఇంట్లో పిన్ని ఆయన్ని మీరు, ఏమండీ అంటుంది. పడవెక్కగానే నువ్వు అయిపోతాడు. ఎందుకని నేనడిగితే, గాలికి అండీ ఎగిరిపోతుంది, మిగిలింది చెబితే చాలు అంది. రేవు మెట్ల మీద కాలు పెట్టగానే మళ్లీ మర్యాద తిరిగొచ్చేది. మధ్యలో ఆ మెట్టు మీద ఆయన ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

బాబాయికి తల లోపల ఒక నరం పూడుకుపోయిన రోజున ఆయన షెడ్డులో సూదికి దారం ఎక్కిస్తున్నాడు. సూది ఎడమచేతిలోంచి జారింది. వంగి వెతుకుతూ పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, నర్సు నడకను అనుకరించి నవ్విస్తున్నాడు. కానీ ఎడమచేతిలో పట్టు సగమే మిగిలింది. తల పైకెత్తితే లోకం గిర్రున తిరిగేది. ఎత్తుల మీద, అంచుల మీద నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. బాబాయి చాలా బుద్ధిగా తలాడించి, పడవ అందులోకి రాదు కదా అన్నాడు.

పిన్ని ఆయనతో వాదించలేదు. తాళ్లు వెనక్కి వస్తేనే పడవ కదులుతుంది, నువ్వు గుంట దాటకూడదు, అంది. ఇంట్లో ఉండగానే నువ్వు అంది. దాంతో ఆయనకు విషయం అర్థమైంది. సరేనన్నాడు. మాటిచ్చాడు.

తాళ్లు బిగించే మేస్త్రీ వచ్చి కొయ్య మొదట్లో గిలకలు పెట్టి, పడవ పైకప్పు మీదుగా తాళ్లన్నీ వెనక్కి తెచ్చాడు. తాళ్లు చుట్టి తిప్పే వించి కూడా గుంట పక్కకే మార్చాడు. బాబాయి గట్టు మీద బోర్లించిన బకెట్ మీద కూర్చుని, తన సమాధికి కొలతలు సరిగ్గా తీస్తున్నారా లేదా అని చూసేవాడిలా చూశాడు. ఒకచోట గిలక వంకరగా ఉందని చెప్పాడు కూడా. వంకరగానే ఉంది. మేస్త్రీ సరిచేశాడు.

ఆ పద్ధతి పనిచేసింది. అది పనిచేయడమే బాబాయికి బాధ. గాలి వస్తే కూర్చున్నచోటే తాళ్లు లాగేవాడు, చాప కురచయ్యేది. చరచడానికి కొయ్య అందేది కాదు గనక చప్పుళ్లు లేవు. అయిందా అని పిన్ని అడిగేది, అయింది అని ఆయన అనేవాడు. పక్కపక్కనే కూర్చుని ఇద్దరు ముసలాళ్లు బస్సులో వెళ్తున్నట్టుందని నాతో అన్నాడు. మాట మాత్రం తప్పలేదు. నీళ్ల మీద ఉన్నంతసేపు గుంట దాటలేదు.

కానీ ఒక సాయంత్రం పిన్ని షెడ్డుకు తాళం వేసి రేవుకు వచ్చేసరికి, కట్టేసి ఉన్న పడవ మీద బాబాయి కొయ్య దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్లు మూసుకుని, ఎడమచెయ్యి కొయ్య చుట్టూ వేసి, కడియాన్ని కొక్కేనికి తగిలిస్తున్నాడు. వెనక్కి వాలుతున్నాడు. చరుస్తున్నాడు. తీస్తున్నాడు, మళ్లీ తగిలిస్తున్నాడు. ఆవిడ పిలవలేదు. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది. మాట నోటితో ఇచ్చాడు గానీ చెయ్యి ఇవ్వలేదని అప్పుడు తెలిసిందట.

మర్నాడు ఆయన మందుల కోసం బజారుకు వెళ్లినప్పుడు పిన్ని స్క్రూడ్రైవరు తీసుకుని పడవెక్కి కొక్కెం ఊడదీసింది. కొక్కెమే లేకపోతే ఆయన అక్కడికి దేనికి వెళ్తాడు, ఇంతే ఆవిడ ఆలోచన. దాన్ని బట్టలో చుట్టి సూదుల డబ్బాలో, మైనం ముద్దల కింద పెట్టింది. తీశానని చెబితే యుద్ధం. దీవికి వెళ్లొచ్చాక తీరిగ్గా చెబుదామనుకుంది. పడవ బయల్దేరే ఉదయం, ఆయన కొయ్య దాకా వెళ్లి చూడకుండా, చాప మీది కవరు కూడా తనే తీసింది. ఎత్తిన చాప అంచు అడ్డొచ్చి, గుంటలో కూర్చున్నవాళ్లకు కొయ్య మొదట్లో ఏముందో ఏం లేదో కనపడదు.

వెళ్లేటప్పుడు గాలి బుద్ధిగానే ఉంది. తిరుగు ప్రయాణంలో దీవి కొస దాటుతుండగా ఆకాశం ఒక పక్క సీసం రంగుకు తిరిగింది, గాలి ఒక్కసారిగా మీద పడింది. బాబాయి తాళ్లు లాగాడు. చాప వెనకంచును దించే తాడు వచ్చింది. ముందంచును దించే తాడు సగం వచ్చి ఆగిపోయింది. లాగాడు, వించికి చుట్టి తిప్పాడు, రాలేదు. చాప మడత ఒకటి గిలకలోకి దూరి బిగుసుకుపోయింది. చాప సగం దిగి, సగం ఎగిరి, కొట్టుకుంటోంది. పడవ ఒక పక్కకు ఒరిగి రాళ్ల వైపు జారుతోంది. ఇంజను తాడు లాగితే అది మామూలుగానే దగ్గింది.

పిన్ని, నేనెళ్తాను, నువ్వు చుక్కాని పట్టు, అంది.

బాబాయి అప్పటికే పట్టీకి తాడు తగిలించుకుంటున్నాడు. "నీకు కొయ్య తెలీదు. నాకు చుక్కాని తెలీదు. ఉన్న ఇద్దరం రెండూ చెడగొట్టడం దేనికి?"

"తల తిరుగుతుంది నీకు."

"అంతా తిరుగుతున్నప్పుడు నా తల ఒక్కటే ఏం లెక్క," అని నవ్వి గుంట దాటాడు.

ఆ క్షణంలో కొక్కెం సంగతి ఆవిడకు గుర్తే రాలేదు. ఆయన కాళ్ల వంక చూస్తోంది, తల వంక చూస్తోంది, రాళ్ల వంక చూస్తోంది. ఆయన కొయ్య దగ్గరికి చేరాడు. సగం పట్టున్న ఎడమచెయ్యి చుట్టూ వేశాడు. ఇరుక్కున్న మడతను పీకి, చాపను ఒళ్లంతా వేసి కిందికి లాగాడు. కడియం అందింది. దాన్ని ఆ చెయ్యి ఎప్పుడూ తీసుకెళ్లే చోటికి తీసుకెళ్లింది. అన్నేళ్లుగా చూడకుండా చేసిన పని, ఆ రోజూ చూడలేదు. ఎడమచెయ్యి కొయ్యను వదిలింది. ఒక్కసారి చరిచింది.

అప్పుడు గుర్తొచ్చింది పిన్నికి.

రెండో చప్పుడు రాలేదు. కడియం ఆయన వేళ్లతో సహా పైకి లేచింది, ఆయన వెనక్కి వెళ్లిపోయాడు.

ఛాతీ పట్టీ తాడు తెగలేదు. పడవ పక్కన నీళ్లలో, సంచీలా ఈడ్చుకుంటూ వస్తున్నాడు. పిన్ని చాప ఎత్తే తాడు వదిలేసింది, అది గుంటలోనే ఉంది కాబట్టి. చాప కూలింది, పడవ ఆగింది. కొయ్య పైకొస మీదుగా వచ్చే ఖాళీ తాడు ఒకటుంటే దాని కొస తీసుకెళ్లి ఆయన పట్టీకి తగిలించి, వెనక్కొచ్చి వించి తిప్పింది. ఆవిడ బరువుకు రెట్టింపు మనిషిని, నీళ్లు తాగిన బట్టలతో సహా, గుంటలోంచి ఒంటరిగా పైకి లేపింది. తాళ్లు వెనక్కి తేకపోయుంటే అది జరిగేది కాదు. ఈ మాట రేవులో గుంట పక్షం వాళ్లు ఇప్పటికీ చెబుతారు. తాళ్లు వెనక్కి తేకపోయుంటే మడత ఇరుక్కునేదే కాదని కొయ్య పక్షం వాళ్లు చెబుతారు. ఆ రెండిటి మధ్యా మా బాబాయి నాలిక మడతపడి పడుకుని ఉన్నాడు. ఇరుపక్షాల వాళ్లూ ఆయనకు బత్తాయిలు తెస్తారు.

రాళ్ల మీదికి పోకుండా దీవి జాలరుల పడవ వచ్చి లాగింది. ఆసుపత్రిలో తలలో ఇంకో నరం పోయిందన్నారు. ఎడమపక్క మొత్తం పోయింది. మాటల్లో సగం పోయాయి. మిగిలిన సగంలో ఆయన ఎక్కువగా వాడేది ఒకటే, కొక్కెం.

కొక్కెం ఏది అంటున్నాడో, తనను తాను పిలుచుకుంటున్నాడో ఎవరికీ తెలీలేదు. నేను ఆయన్ని నవ్విద్దామని దొరికిన కొక్కేలన్నీ తెచ్చాను. గేలపు కొక్కెం, కర్టెను కొక్కెం, మాంసం దుకాణం వాడు వేలాడదీసేది. ఒక్కొక్కటీ చూసి మొహం తిప్పేసుకున్నాడు. మాంసం కొక్కెం చూసినప్పుడు మాత్రం ఒక పక్క పెదవి కదిలింది. పిన్ని గిన్నె కడిగే మిషతో బయటికి వెళ్లిపోయింది.

ఇంటికి తెచ్చాక ఇంకో సంగతి బయటపడింది. కుడిచేతికి ఏమీ కాలేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. బాబాయి ఆ చేతిని కూడా కదిలించడం మానేశాడు. చెంచా ఇస్తే పట్టుకోడు. మొహం మీద ఈగ వాలితే తోలడు. సూది, దారం తెచ్చి పెడితే కళ్లు మూసుకుంటాడు. వాడకపోతే ఉన్న చెయ్యి కూడా బిగుసుకుపోతుంది, ఇంక ఎవరూ ఏమీ చేయలేరు అన్నాడు డాక్టరు.

తాళ్ల మేస్త్రీ చూడ్డానికి వచ్చాడు. మంచివాడు. మంచం పక్కన కూర్చుని ఓదార్చాడు. "తల తిరిగినప్పుడు ఎవరికైనా చెయ్యి తప్పుద్ది, కొక్కెం. నువ్వేం బాధపడకు. నాకూ తప్పుద్ది."

బాబాయి కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. మేస్త్రీ వెళ్లాక, ఒక్కో ముక్కా కూడబలుక్కుని నాతో అన్నాడు. "అక్కడే... ఉంటుంది. అందలేదు. చెయ్యి... తప్పింది." అని, పక్కన పడున్న తన కుడిచేతి వంక చూశాడు, ఇంట్లోకి దొంగను రానిచ్చిన కుక్క వంక చూసినట్టు.

పిన్ని గుమ్మంలో నిలబడి విన్నది.

ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు. షెడ్డుకు వెళ్లి కూర్చుంది. నేను టీ తీసుకెళ్తే, కుట్టుతున్న చాపలోంచి తలెత్తకుండా, జరిగిందంతా నాకు చెప్పింది. కొక్కెం గురించి, ఆ ప్రయాణం గురించి పైన నేను రాసిందంతా అప్పుడు విన్నదే. నిజం చెబితే ఆయన తనను చూసే చూపు పోతుంది. చెప్పకపోతే ఆయన చెయ్యి పోతుంది. ఇది చెప్పి, టీలో చక్కెర ఎక్కువైందని నన్ను తిట్టింది. తర్వాత సూదుల డబ్బా తీసుకుని ఇంటికి బయల్దేరింది. నేను వెనకే వెళ్లాను.

మంచం పక్కన స్టూలు మీద కూర్చుని డబ్బా తెరిచింది. మైనం ముద్దలు తీసి పక్కన పెట్టింది. బట్ట విప్పి కొక్కెం ఆయన కళ్ల ముందు పట్టుకుంది.

"నీ చెయ్యి తప్పలేదు," అంది. "ఇది అక్కడ లేదు. నేను తీసేశాను, నువ్వు వెళ్లకూడదని."

బాబాయి కొక్కేన్ని చూశాడు. ఆవిడను చూశాడు. మళ్లీ కొక్కేన్ని చూశాడు. ఎంతసేపు చూశాడంటే, వీధిలో పాతసామాన్ల బండివాడి కేక ఇంటిని దాటి, మలుపు తిరిగి, వినపడకుండా పోయింది. ఆయన మొహంలో సగం ఏ సంగతీ చెప్పదు. చెప్పగలిగిన సగంలో నేను క్షమించడం చూడలేదు. కోపమూ కాదది. లెక్క తేలని మనిషి మొహం.

"స్క్రూలు?" అన్నాడు.

పిన్ని గుప్పిట తెరిచి చూపించింది.

"ఇంకోటి?"

"నీళ్లలో పడింది, తీస్తుంటే."

"దొంగ," అన్నాడు బాబాయి. అది ఆయన ఆవిణ్ణి పెళ్లయిన కొత్తలో పిలిచిన పిలుపట. ఆ రోజు ఏ అర్థంతో అన్నాడో ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు.

కళ్లతో మంచం పక్కనున్న కిటికీ చూపించాడు. పిన్ని లేచి కిటికీ చెక్కకు కొక్కేన్ని ఆనించింది. ఆవిడకు కొయ్య పని తెలీదు, తలకిందులుగా పెట్టింది. "నోరు పైకి," అన్నాడు. తిప్పింది. "కిందికి." జరిపింది. మిగిలిన స్క్రూలు బిగించింది. నేను సాయం వెళ్లబోతే భుజంతో నెట్టేసింది. షెడ్డులోంచి ఒక ఇత్తడి కడియం తెమ్మని నన్ను పంపింది. తెచ్చి ఆయన కుడి అరచేతిలో పెట్టాను.

కాసేపు అది అక్కడే ఉంది. తర్వాత వంకరవేలు ముందుగా కదిలింది, మిగతావి దాని వెనకే. కడియం లేచింది. ఆయన కిటికీ వంక చూడలేదు. గోడ వంక చూస్తూ ఉండగానే చెయ్యి దాన్ని తీసుకెళ్లి, తడుముకోకుండా, కొక్కేనికి తగిలించింది. పిన్ని పట్టుకోవడానికి వంగింది.

"వద్దు," అన్నాడు.

కడియం పట్టుకుని, ఉన్న సగం ఒంటిని దిండు మీంచి లేపి, వాలాడు. కిటికీ చెక్క కిర్రుమంది. స్క్రూలు ఆగాయి. ఆయన అలాగే వేలాడుతూ దుప్పటి మీదున్న ఎడమచేతిని చూశాడు. అది కదల్లేదు. అప్పుడు పిన్ని వంక చూశాడు.

"కొట్టు."

పిన్ని గోడ మీద ఒకసారి చరిచింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. బాబాయి కడియం వదల్లేదు.

"రెండోది," అన్నాడు.

చరిచింది.

అలవాటు ప్రకారం ఇప్పుడు చుక్కాని తిప్పాలి. ఆవిడ చుట్టూ చూసింది. స్టూలు మీద పొద్దుటి గంజి గిన్నె ఉంది, చల్లారిపోయి. దాన్ని తీసుకుని, చెంచా కాడ ఆయన కుడిచేతికి అందేట్టు తిప్పి పట్టుకుని నిలబడింది.